ఫినాక్సీఇథనాల్: ఒక్క శాతం లోపల జరగాల్సిన పని

ఫేస్ క్రీమ్, షాంపూ, సన్‌స్క్రీన్, బేబీ వైప్స్... ఏ డబ్బా వెనక్కి తిప్పి చూసినా పదార్థాల జాబితా చివరి వరుసల్లో తరచూ కనిపించే పేరు ఫినాక్సీఇథనాల్. నీళ్లున్న ప్రతి సౌందర్య ఉత్పత్తిలోనూ బాక్టీరియా, ఈస్ట్, బూజు పెరగడానికి వీలుంటుంది. వాటిని పెరగనివ్వకుండా ఆపే ప్రిజర్వేటివ్‌లలో నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నవాటిలో ఇదొకటి. యూరోపియన్ యూనియన్, జపాన్, చైనా మూడింటిలోనూ దీనికి అనుమతించిన గరిష్ఠ మోతాదు 1 శాతమే. అంటే ఉత్పత్తి పాడైపోతోందని ఇంకాస్త పోసే వీలు ఇక్కడ లేదు. ఆ ఒక్క శాతంలో ఎంత భాగం నిజంగా పనిలోకి దిగుతుందన్నది తయారుచేసేవారి నేర్పు మీద ఆధారపడి ఉంటుంది. చిన్న తయారీదారులు ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే.

ఇది రంగులేని, కొంచెం జిడ్డుగా ఉండే ద్రవం. గులాబీని లీలగా తలపించే వాసన ఉంటుంది. ఫినాల్‌ను ఇథిలీన్ ఆక్సైడ్‌తో చర్య జరిపించి తయారుచేస్తారు. అందుకే కాస్మెటిక్ గ్రేడు సరుకు కొనేటప్పుడు విశ్లేషణ పత్రంలో మిగులు ఫినాల్, ఇథిలీన్ ఆక్సైడ్, డయాక్సేన్ అవశేషాల అంకెలు చూడాలి. చౌకగా దొరికే పారిశ్రామిక గ్రేడు రంగుల పరిశ్రమకూ ఇంకులకూ సరిపోతుందేమో గానీ చర్మానికి పనికిరాదు. అణుభారం 138, మరిగే ఉష్ణోగ్రత సుమారు 245 డిగ్రీల సెల్సియస్, సాంద్రత సుమారు 1.1. ఈ చివరి అంకె చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాత రెండు మూడు చోట్ల ఇబ్బంది పెడుతుంది. గడ్డకట్టే ఉష్ణోగ్రత 11 నుంచి 14 డిగ్రీల మధ్య. ఆదిలాబాద్‌లోనో అరకులోనో డిసెంబరు రాత్రి స్టోర్ రూములో ఉంచిన సీసా తెల్లారేసరికి పలుకులు కట్టి కనిపిస్తే సరుకు పాడైందని పారేయనక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి, పూర్తిగా కరిగాక బాగా కలిపి వాడుకోవచ్చు. సగం కరిగిన స్థితిలో పైపైన ఒంపుకోవడమే పొరపాటు.

సౌందర్య సాధనాల్లోకి రాకముందే దీనికి వైద్యంలో చోటు దొరికింది. 1940ల్లో బ్రిటన్‌లో గాయాలకు పట్టే సూడోమోనాస్ అనే బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ మీద దీన్ని ప్రయోగించి చూశారు. ఆక్టెనిడిన్ అనే క్రిమినాశినితో చేసిన, గాయాలు కడిగే ద్రావణాల్లో నేటికీ 2 శాతం ఫినాక్సీఇథనాల్ ఉంటుంది. కొన్ని ఇంజెక్షన్ పోలియో టీకాల్లో 0.5 శాతం దాకా వాడతారు. చేపల పరిశోధనల్లో చేపకు మత్తిచ్చేందుకూ, శరీరనిర్మాణ శాస్త్ర విభాగాల్లో ఫార్మలిన్ తర్వాత నమూనాలను భద్రపరిచేందుకూ, పరిమళ ద్రవ్యాల్లో వాసనను నిలిపి ఉంచేందుకూ ఇదే పనికొస్తుంది.

కాస్మెటిక్స్‌లో దీని గిరాకీ ఒక్కసారిగా పెరగడానికి కారణం మిగతావాటి మీద పడిన నిందలు. 2004లో రొమ్ము కణితి కణజాలంలో పారాబెన్లు అనే పాత ప్రిజర్వేటివ్‌లు కనిపించాయన్న అధ్యయనం వెలువడ్డాక కొనుగోలుదారులు పారాబెన్ల పేరెత్తితేనే వెనకడుగు వేయడం మొదలైంది. అవే క్యాన్సర్‌కు కారణమని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. అయినా మార్కెట్ ఆగలేదు. 2014లో యూరప్ ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్‌తో సహా అయిదు రకాల పారాబెన్లను నిషేధించింది, మిథైల్, ఇథైల్ రకాలను మాత్రం కొనసాగనిచ్చింది. ఫార్మాల్డిహైడ్ వదిలే ప్రిజర్వేటివ్‌ల మీద అంతకుముందు నుంచే అనుమానం ఉంది. వీటన్నిటికీ బదులుగా వచ్చిన మిథైల్‌ఐసోథయజోలినోన్ యూరప్‌లో ఎంతోమందికి చర్మ అలర్జీ తెచ్చిపెట్టి, కడిగేయకుండా వదిలేసే ఉత్పత్తుల్లో 2017 నుంచి నిషేధానికి గురైంది. ఇక ఫార్మాల్డిహైడ్ వదలనిది, అలర్జీ అరుదుగా తెచ్చేది, ద్రవరూపంలో సులువుగా కలిసేది కావాలంటే ఫినాక్సీఇథనాల్ దగ్గరికే రావాల్సి వచ్చింది.

ఎవరి మీద గట్టిది, ఎవరి మీద కాదు

దీని అసలు బలం గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా (కణానికి అదనంగా బయటి పొర ఉండే రకం) మీద, అందులోనూ సూడోమోనాస్ ఎరుజినోసా మీద. నీళ్ల ట్యాంకుల్లో, పైపుల్లో, తడి ఆరని మిక్సర్ బ్లేడ్ల సందుల్లో నివసించే ఈ బాక్టీరియా సౌందర్య ఉత్పత్తులను పాడుచేసేవాటిలో అతి మొండిది. కంటికి తగిలితే ప్రమాదకరం కూడా. పారాబెన్లు దీని దగ్గరే తడబడతాయి. ఫినాక్సీఇథనాల్ కణపు పొరలోకి చొరబడి దాన్ని కారిపోయేలా చేస్తుంది. లోపలి పొటాషియం అయాన్లు బయటికి పోతాయి, పొరకు ఇరువైపులా ప్రోటాన్ల తేడాను నిలుపుకుని శక్తి తయారుచేసుకునే ఏర్పాటు కూలిపోతుంది. బాక్టీరియా పెరుగుదల ఆగుతుంది, మోతాదు చాలితే చస్తుంది.

గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా మీద బలం తక్కువ. ఈస్ట్, బూజు దగ్గరికి వచ్చేసరికి ఒంటరిగా దీన్ని నమ్మడం తెలివితక్కువ. "1 శాతం వేశాం, ఇక భయం లేదు" అనుకున్న క్రీముల్లో మూడు నాలుగు నెలలకు బాక్టీరియా కనిపించదు, నల్లటి బూజు చుక్కలు కనిపిస్తాయి. ఈ లోటు పూడ్చడానికే దీన్ని దాదాపు ఎప్పుడూ జంటగా అమ్ముతారు. బాగా వాడుకలో ఉన్న జంట 90 పాళ్ల ఫినాక్సీఇథనాల్‌కు 10 పాళ్ల ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్. మార్కెట్లో యూక్సిల్ పీఈ 9010 పేరుతో దొరికేది ఇదే. ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కణపు ఉపరితలం దగ్గర తలతన్యతను తగ్గించి ఫినాక్సీఇథనాల్‌కు దారి సుగమం చేస్తుంది. రెండో జంట కాప్రిలిల్ గ్లైకాల్‌తో, ఆప్టిఫెన్ పేరుతో వస్తుంది. పాతకాలపు ఫినోనిప్‌లో దీన్ని పారాబెన్లకు ద్రావకంగా కూడా వాడుకున్నారు. మిథైల్ పారాబెన్ నీటిలో సుమారు పావు శాతం మాత్రమే కరుగుతుంది, ప్రొపైల్ రకం ఇంకా తక్కువ. వాటిని పొడిగా వేసి కరగదీయడం కంటే ఫినాక్సీఇథనాల్‌లో కరిగి ఉన్న ద్రవాన్ని పోయడం చాలా సులువు.

సోడియం బెంజోయేట్‌ను తోడు చేసుకునేవారూ ఉన్నారు. బూజు మీద అది మంచిదే, కానీ పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) కలిసి రావాలి. ఫినాక్సీఇథనాల్‌కు పీహెచ్‌తో పెద్దగా పనిలేదు, 3 నుంచి 10 వరకు ఎక్కడైనా అలాగే ఉంటుంది. బెంజోయేట్ అలా కాదు. అయాన్లుగా విడిపోని బెంజోయిక్ ఆమ్లమే సూక్ష్మజీవి లోపలికి వెళ్లగలదు. పీహెచ్ 4.5 దగ్గర అది మూడో వంతు ఉంటుంది, 5 దగ్గర సుమారు 14 శాతం, 5.5 దగ్గర 5 శాతం కూడా ఉండదు. పీహెచ్ 7 ఉన్న లోషన్‌లో బెంజోయేట్ వేయడమంటే లేబుల్ మీద ఒక పేరు పెంచుకోవడం మాత్రమే.

అన్నిటికంటే చవకైన సహాయం డైసోడియం ఈడీటీఏ, 0.1 శాతం చాలు. గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా బయటి పొరను కాల్షియం, మెగ్నీషియం అయాన్లు బిగించి పట్టుకుంటాయి. ఈడీటీఏ ఆ అయాన్లను లాగేసుకుంటే పొర సడలి, ఫినాక్సీఇథనాల్ పని తేలికవుతుంది. బోరు నీళ్ల కాఠిన్యం ఎక్కువగా ఉండే మన జిల్లాల్లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. శుద్ధి చేయని నీళ్లలో ఉన్న కాల్షియమే ఈడీటీఏను ముందుగా మింగేస్తుంది. డీయోనైజ్డ్ నీళ్లు, అంటే లవణాలు తొలగించిన నీళ్లు వాడితేనే 0.1 శాతానికి అర్థముంటుంది.

వేసినదంతా పని చేయదు

సూక్ష్మజీవులు పెరిగేది నీటి భాగంలో. నూనె చుక్కల్లోకి వెళ్లిపోయిన ప్రిజర్వేటివ్ వాటికి తగలదు. ఫినాక్సీఇథనాల్ నీటిలో 43 భాగాలకు ఒక భాగం, అంటే సుమారు 2.3 శాతం కరుగుతుంది. అయితే నూనెలు కూడా దీన్ని ఇష్టపడతాయి, ఏ నూనె ఎంత ఇష్టపడుతుందన్నదే తేడా. నూనె, నీళ్లు పక్కపక్కన ఉన్నప్పుడు సమాన పరిమాణాల్లో ఇది ఏ నిష్పత్తిలో పంచుకుంటుందో ఔషధ సహాయక పదార్థాల పట్టికల్లో ఉంటుంది. మినరల్ ఆయిల్‌కు 0.3, వేరుశనగ నూనెకు 2.6, ఐసోప్రొపైల్ పామిటేట్‌కు 2.9. అంటే మినరల్ ఆయిల్ దీన్ని పట్టించుకోదు, వేరుశనగ నూనె నీటికంటే రెండున్నర రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది.

ఈ అంకెలతో ఒక లెక్క వేసి చూడాలి. వంద పాళ్ల లోషన్‌లో 30 పాళ్లు నూనె, 70 పాళ్లు నీళ్లు, 0.9 పాళ్ల ఫినాక్సీఇథనాల్ అనుకుందాం. నూనె వేరుశనగదైతే, 30ని 2.6తో గుణిస్తే 78. దానికి నీళ్ల 70 కలిపితే 148. 0.9ని 148తో భాగించి వందతో గుణిస్తే నీటిలో గాఢత సుమారు 0.61 శాతం. అదే నూనె మినరల్ ఆయిల్ అయితే 30ని 0.3తో గుణిస్తే 9, నీళ్లతో కలిపి 79, నీటిలో గాఢత 1.14 శాతం. డబ్బా మీద రెండూ ఒకే మోతాదు, లోపల మాత్రం దాదాపు రెట్టింపు తేడా. నూనె, నీళ్లను కలిపి ఉంచే ఎమల్సిఫయర్ ప్రభావాన్ని ఇందులో లెక్కించలేదు గనుక అసలు అంకెలు కొంత అటూఇటూ అవుతాయి, కానీ దిశ మారదు. మినరల్ ఆయిల్ బదులు చల్లగా తీసిన సహజ నూనెలతో అదే క్రీమ్ చేయబోయి, పాత ప్రిజర్వేటివ్ మోతాదునే ఉంచేసిన ఫార్ములాలు బూజు పట్టడానికి ఒక ముఖ్య కారణం ఇదే. సహజ నూనెతో పాటు మొక్కల సారాలు కూడా చేరతాయి. అవి సూక్ష్మజీవులకు తిండి. రక్షణ తగ్గి, ఆకలి తీర్చేది పెరిగితే ఫలితం ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

నూనె ఒక్కటే కాదు. పాలీసార్బేట్ 20, పాలీసార్బేట్ 80 లాంటి నాన్‌అయానిక్ సర్ఫాక్టెంట్లు నీటిలో చిన్న చిన్న గుంపులు కట్టి ప్రిజర్వేటివ్‌ను తమ లోపల దాచేసుకుంటాయి. పారాబెన్లు పోగొట్టుకున్నంత ఫినాక్సీఇథనాల్ పోగొట్టుకోదు గానీ నష్టం నష్టమే. సెల్యులోజ్ జిగురులతోనూ, పీవీసీ సీసాలతోనూ కొంత పట్టుబడిపోయే అవకాశం ఉంది. హెచ్‌డీపీఈ, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లు, గాజు భయం లేనివి. ముల్తానీ మట్టి, బెంటొనైట్ కలిసిన తడి ప్యాకులు అన్నిటికంటే కష్టమైన సరుకు. మట్టే సూక్ష్మజీవుల బీజాలతో వస్తుంది, పైగా ప్రిజర్వేటివ్‌ను పీల్చుకుంటుంది. అలాంటివాటిని పొడిగానే అమ్మడం మేలు. సున్నిపిండి తరతరాలుగా ఏ ప్రిజర్వేటివ్ లేకుండా నిలవడానికి కారణం అందులో నీళ్లు లేకపోవడమే. దాన్నే పాలతోనో రోజ్‌వాటర్‌తోనో ముందుగా కలిపి డబ్బాలో పెడితే ఒకటి రెండు రోజులకే పులిసిపోతుంది. అలాగే నీళ్లు కలవని తల నూనెకూ, లిప్ బామ్‌కూ ఫినాక్సీఇథనాల్ అక్కర్లేదు. స్నానాల గదిలో తడి వేళ్లతో తీసుకునే పంచదార స్క్రబ్ మాత్రం మినహాయింపు.

500 గ్రాముల లోషన్‌లో కలిపే తీరు

ఒక మామూలు లోషన్ తీసుకుందాం. డీయోనైజ్డ్ నీళ్లు 357.5 గ్రాములు, గ్లిజరిన్ 20, డైసోడియం ఈడీటీఏ 0.5, నూనె 80, ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ 30, సెటైల్ ఆల్కహాల్ 7, ఫినాక్సీఇథనాల్‌, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ జంట ద్రవం 5 గ్రాములు. మొత్తం 500. జంట ద్రవం 1 శాతం అంటే అందులో ఫినాక్సీఇథనాల్ 4.5 గ్రాములు, 0.9 శాతం.

నీళ్లు, గ్లిజరిన్, ఈడీటీఏ ఒక గిన్నెలో, నూనె, వ్యాక్స్, సెటైల్ ఆల్కహాల్ మరో గిన్నెలో 75 డిగ్రీలకు వేడి చేసి 20 నిమిషాలు అక్కడే ఉంచాలి. వేడిలో ఎగిరిపోయిన నీళ్లను తూకం చూసి, వేడి చేసిన శుద్ధజలంతో భర్తీ చేయాలి. ఈ మెట్టు దాటేస్తే 500 గ్రాముల బదులు 470 గ్రాములే మిగిలి, ప్రిజర్వేటివ్ శాతం తెలియకుండానే పెరుగుతుంది. రెండూ కలిపి హోమోజినైజర్‌తో తిప్పి, తర్వాత నెమ్మదిగా కలుపుతూ చల్లార్చాలి. 40 నుంచి 45 డిగ్రీలకు దిగాక ప్రిజర్వేటివ్ పోసి కనీసం 10 నిమిషాలు కలపాలి. ఫినాక్సీఇథనాల్ 85 డిగ్రీల దాకా చెడదు, కాబట్టి వేడిలో పోస్తే ఆవిరైపోతుందన్న భయం అనవసరం. చల్లారాక పోయమనడానికి కారణం వేరు. చాలా బ్రాండు జంటల్లో ఉండే తోటి పదార్థాలకూ, ఎమల్షన్ నిలకడకూ అదే మంచిది. నేరుగా వేడి నూనెలో కలపడం మాత్రం తగదు. నూనెలోకి చేరినది తిరిగి నీళ్లలోకి రావడానికి సమయం పడుతుంది.

మర్నాడు పీహెచ్ చూడాలి. 10 శాతం సిట్రిక్ ఆమ్లం ద్రావణంతో 5 నుంచి 5.5 మధ్యకు తేవచ్చు. పీహెచ్ మీటరును బఫరుతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంతో) సరిచూసుకోకుండా వచ్చిన అంకెను నమ్మకూడదు.

తూకం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 0.01 గ్రాము చూపించే త్రాసు లేకుండా ఈ పని చేయకూడదు. "5 గ్రాములంటే 5 మిల్లీలీటర్లే కదా" అని సిరంజితో కొలిస్తే సాంద్రత 1.1 కాబట్టి 5.5 గ్రాములు పడుతుంది. శుద్ధ ఫినాక్సీఇథనాల్‌ను 1 శాతం కోసం అలా కొలిస్తే 1.1 శాతమై హద్దు దాటుతుంది. చుక్కల లెక్క ఇంకా ఘోరం, డ్రాపర్ మారితే చుక్క పరిమాణమే మారిపోతుంది. కంటికి కనిపించని ఇంకో దారి కూడా ఉంది. కలబంద సారం, బియ్యం నీటి సారం లాంటివి కొన్న చోటే ప్రిజర్వేటివ్‌తో వస్తాయి. 0.8 శాతం ఫినాక్సీఇథనాల్ ఉన్న సారాన్ని లోషన్‌లో 15 శాతం వాడితే అక్కడి నుంచే 0.12 శాతం చేరుతుంది. ముందే 0.9 శాతం ఉంటే మొత్తం 1.02. సరఫరాదారు ఇచ్చిన పత్రంలో ఈ అంకె అడిగి తీసుకోవాలి.

టోనర్, ఫేస్ మిస్ట్ లాంటి పలచటి ద్రవాల్లో వేరే చిక్కు వస్తుంది. నీటికంటే బరువైన ద్రవం కాబట్టి పోసిన చుక్కలు సీసా అడుగుకు దిగి, గాజు మీద మెరిసే చిన్న పూసల్లా కూర్చుంటాయి. పైనుంచి చూస్తే ద్రవం స్వచ్ఛంగా ఉంటుంది, కరిగిపోయిందనిపిస్తుంది. అలాగే సీసాల్లోకి నింపితే మొదటి సీసాలకు ప్రిజర్వేటివ్ దక్కదు, చివరి సీసా వాడినవారి చర్మం మండుతుంది. ముందుగా గ్లిజరిన్‌లోనో ప్రొపిలీన్ గ్లైకాల్‌లోనో కలిపి, సన్నధారగా పోస్తూ వేగంగా తిప్పాలి. తర్వాత పాత్రను వాల్చి, అడుగున టార్చి వేసి చూడాలి. ఒక్క పూస కనిపించినా ఇంకా పని మిగిలి ఉన్నట్టే. ఉప్పుతో చిక్కబడ్డ షాంపూల్లో ఇది కలిశాక చిక్కదనం మారుతుంది, సాధారణంగా పలచబడుతుంది. అందుకని ఉప్పును చివరగా, ప్రిజర్వేటివ్ కలిపాక సర్దుకోవాలి.

మూత లోపలి బూజు గురించి చాలామందికి అర్థం కాదు. క్రీమ్ ఇంకా వేడిగా ఉండగానే జాడీలో నింపి మూత బిగిస్తే, ఆవిరి పైకి లేచి మూత లోపల నీటి బొట్లుగా నిలుస్తుంది. ఆ బొట్లు దాదాపు శుద్ధజలం. ఫినాక్సీఇథనాల్ 245 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం కాబట్టి ఆ ఆవిరితో పాటు చాలినంత పైకి రాదు. క్రీమ్‌లో ప్రిజర్వేటివ్ సరిగ్గానే ఉన్నా, మూత అడుగున బొట్టులో బూజు మొలిచి అక్కడి నుంచి అంచు వెంట దిగుతుంది. మోతాదు పెంచితే ఇది ఆగదు. క్రీమ్ గది ఉష్ణోగ్రతకు వచ్చాకే నింపాలి, జాడీ అంచు తుడిచి మూత పెట్టాలి. వేళ్లు ముంచాల్సిన వెడల్పు మూతి జాడీ కంటే పంపు సీసా, ట్యూబు ఎప్పుడూ మంచివి.

ఇంట్లో తోటలోంచి కోసి తీసిన కలబంద గుజ్జుతో జెల్ చేసి, అందులో 1 శాతం వేసి అమ్మేవారికి ఒక మాట. గుజ్జు చెంచాతో తీసేటప్పటికే లక్షల సూక్ష్మజీవులు అందులో ఉంటాయి. ప్రిజర్వేటివ్ చేయగలిగింది వాడకంలో కొద్దికొద్దిగా చేరే సూక్ష్మజీవులను అదుపులో ఉంచడం. మొదటి రోజే మురికిగా ఉన్న సరుకును శుభ్రం చేయడం దానివల్ల కాదు. ఉన్న శక్తి అక్కడే ఖర్చయిపోతుంది. విటమిన్ ఈ కలిపితే చాలన్న సలహా కూడా తప్పు. అది నూనె కంపుకొట్టకుండా ఆపే యాంటీ ఆక్సిడెంట్, సూక్ష్మజీవులను ఆపదు.

పరీక్ష లేనిదే నమ్మకం లేదు

తాజా లోషన్‌ను ల్యాబుకు పంపి సూక్ష్మజీవులు లేవన్న నివేదిక తెచ్చుకుని ప్రిజర్వేటివ్ పనిచేస్తోందనుకోవడం పెద్ద పొరపాటు. ఆ నివేదిక తయారీ శుభ్రంగా జరిగిందని మాత్రమే చెబుతుంది. ప్రిజర్వేటివ్ సత్తా తెలియాలంటే చాలెంజ్ టెస్టు కావాలి, దానికి ఐఎస్‌ఓ 11930 పద్ధతి ఉంది. స్టెఫిలోకాకస్ ఆరియస్, ఈ.కోలి, సూడోమోనాస్ ఎరుజినోసా, కాండిడా ఆల్బికాన్స్, ఆస్పర్‌జిల్లస్ బ్రసిలియెన్సిస్ అనే అయిదింటిని విడివిడిగా ఉత్పత్తిలోకి కావాలని ఎక్కించి 7, 14, 28 రోజులకు లెక్కపెడతారు. కఠినమైన ప్రమాణం ప్రకారం బాక్టీరియా ఏడు రోజుల్లో వెయ్యో వంతుకు పడిపోవాలి, మళ్లీ పెరగకూడదు. కాండిడా ఏడు రోజుల్లో పదో వంతుకు, ఆస్పర్‌జిల్లస్ 28 రోజుల్లో పదో వంతుకు తగ్గాలి. ఫినాక్సీఇథనాల్ మీదే ఎక్కువగా ఆధారపడ్డ ఫార్ములాలు సూడోమోనాస్ దగ్గర నెగ్గి, ఆస్పర్‌జిల్లస్ దగ్గర ఓడిపోవడం సాధారణం. ఫార్ములాలో నూనె మారినా, సువాసన మారినా, ప్యాకింగ్ మారినా పరీక్ష మళ్లీ చేయించాలి. ఖర్చవుతుంది, నిజమే. వాపసు వచ్చే సరుకుతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

భారతదేశంలో అమ్మకానికి సౌందర్య సాధనం తయారుచేయాలంటే 2020 కాస్మెటిక్స్ నియమాల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఏ ప్రిజర్వేటివ్ ఎంత వరకు వాడవచ్చో ఐఎస్ 4707 అనే భారతీయ ప్రమాణం రెండో భాగంలో చూసుకోవాలి. వంటగదిలో చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేది కూడా ఈ నియమాలకు బయట లేదు.

చర్మానికి, పిల్లలకు

చర్మం ద్వారా లోపలికి చేరిన ఫినాక్సీఇథనాల్ శరీరంలో ఫినాక్సీఎసిటిక్ ఆమ్లంగా మారి మూత్రంతో బయటికి పోతుంది. యూరోపియన్ కమిషన్ శాస్త్రీయ సంఘం 2016లో దీన్ని మళ్లీ పరిశీలించి, 1 శాతం వరకు పిల్లలతో సహా అందరికీ సురక్షితమని తేల్చింది. ఫ్రాన్స్ ఔషధ సంస్థ ఇంకొంచెం జాగ్రత్తపడింది. మూడేళ్లలోపు పిల్లల ఉత్పత్తుల్లో 0.4 శాతం మించవద్దని, డైపర్ కట్టే చోట వాడవద్దని 2012లో సూచించింది. చాలా రకాల కడిగేయని ఉత్పత్తుల మీద డైపర్ చోట వాడవద్దన్న హెచ్చరిక ముద్రించాలని 2019లో ఆదేశించింది. 2008లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించిన సంఘటన వేరే కోవకు చెందుతుంది. అది పాలిచ్చే తల్లుల చనుమొనలకు రాసే క్రీమ్. అందులో ఫినాక్సీఇథనాల్, క్లోర్‌ఫెనెసిన్ అనే మరో ప్రిజర్వేటివ్ ఉన్నాయి, పసిబిడ్డ నోట్లోకి వెళ్లే అవకాశం ఉంది. మింగితే నాడీ వ్యవస్థ మందగించడం, వాంతులు, విరేచనాలు రావచ్చన్నది హెచ్చరిక సారం. పసిపిల్లల నోటికి తగిలే ఉత్పత్తిలో దీన్ని పెట్టకపోవడమే సరైన నిర్ణయం. డైపర్ వాడే చోట చర్మం ఒరుసుకుపోయి, మూతవేసినట్టు తడిగా ఉంటుంది కాబట్టి ఫ్రాన్స్ జాగ్రత్తను అనుసరించడంలో పోయేదేమీ లేదు.

అలర్జీ అరుదు, ఉండదని కాదు. 1 శాతానికి దగ్గరగా ఉన్న క్రీమ్ కళ్ల చుట్టూ రాసినప్పుడు కొందరికి చిన్నగా మంట పుడుతుంది. కంటి క్రీముల్లో 0.5 శాతం దగ్గర ఉంచి, తోటి పదార్థాలతో లోటు పూడ్చడం మంచి పద్ధతి. తయారీలో మాత్రం శుద్ధ ద్రవం కంట్లో పడితే తీవ్రమైన హాని జరుగుతుంది. నైట్రైల్ గ్లౌజులు, రక్షణ కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయకూడదు. చిందితే కంటిని కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కొనేవారికి ఈ పేరు ఇంకో పనికీ ఉపయోగపడుతుంది. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, 1 శాతానికి మించనివాటిని ఆ తర్వాత ఏ క్రమంలోనైనా రాయవచ్చు. ఫినాక్సీఇథనాల్ 1 శాతం దాటదు కాబట్టి, జాబితాలో దాని తర్వాత వచ్చేవేవీ, చివర రాసే రంగులు తప్ప, 1 శాతం దాటవు. డబ్బా ముందు కుంకుమపువ్వు బొమ్మ వేసి, వెనక కుంకుమపువ్వు సారాన్ని ఫినాక్సీఇథనాల్ తర్వాత రాసి ఉంటే అది ఎంత ఉందో అంచనా వేసుకోవచ్చు. రెటినాల్ లాంటివి ఆ కొద్ది మోతాదులోనే పనిచేస్తాయి కాబట్టి అన్నిటికీ ఈ తీర్పు వర్తించదు.

"ప్రిజర్వేటివ్ లేదు" అని పెద్దక్షరాల్లో రాసుకునే ఉత్పత్తులను తిప్పి చూస్తే తరచుగా 1,2-హెక్సేన్‌డయాల్, పెంటిలీన్ గ్లైకాల్, ఎనిసిక్ ఆమ్లం, గ్లిజరిల్ కాప్రిలేట్ లాంటివి కనిపిస్తాయి. చట్టం జాబితాలో వీటికి ప్రిజర్వేటివ్ అన్న పేరు లేదు, చేసే పని మాత్రం చాలావరకు అదే. వాటిలో తప్పేమీ లేదు, బాగా రూపొందించిన ఫార్ములాలో చక్కగా పనిచేస్తాయి. నీళ్లున్న క్రీమ్ జాబితాలో అలాంటివి కూడా ఒక్కటీ లేకపోతే, అది గాలి చొరబడని పంపు సీసాలోనో ఒక్కసారి వాడి పారేసే ప్యాకెట్‌లోనో రాకపోతే, కొనకుండా పక్కన పెట్టేయాలి.